కుండీలో కలబంద: పెంచు విధము, కాపాడు విధము

కలబందను ఎరుగని రైతు మనలో ఉండడు. చేని గట్టున, చెరువు కట్ట వాలున, పాడుబడిన గోడ ప్రక్కన, ఎవరును నీరు పోయకపోయినను అది పెరుగుచునే యుండును. పశువులు సాధారణముగా దానిని ముట్టవు. వేసవిలో చుట్టుప్రక్కల గడ్డి యంతయు ఎండి తెల్లబడిన తరువాత కూడ అది పచ్చగా నిలిచి యుండును. ఇట్టి మొండి మొక్కను పెంచుటకు కూడ ఒక పాఠము కావలెనా అని మీరు అడుగవచ్చును.

కావలెను. ఏలనగా, గట్టున చావని ఈ మొక్క కుండీలో చచ్చుచున్నది. ఎండకు కాదు, తెగులుకు కాదు. ఎక్కువ భాగము ప్రేమతో పోసిన నీటికి చచ్చుచున్నది.

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతములను ఉదాహరణగా తీసికొందము. ఇవి ఒకదానినొకటి ఆనుకొనియున్న పేటలు. పాత పెంకుటిండ్లు, పెరళ్ళు ఉన్నచోట ఇప్పుడు నాలుగైదు అంతస్తుల మేడలు లేచినవి. నేల లేదు గనుక మొక్క కుండీలోనికి, కుండీ వసారాలోనికి, కిటికీ గూటిలోనికి ఎక్కినది. అశోక్ నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు తయారగు యువకులు జిల్లాల నుండి వచ్చి గదులలో నివసించుచున్నారు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున రోజంతయు చదువుకొనుచున్నారు. మీలో కొందరి పిల్లలు కూడ అక్కడ ఉండవచ్చును. ఊరి నుండి వచ్చునపుడు పచ్చడి సీసాతో పాటు ఒక కలబంద పిలకను కూడ తల్లి సంచిలో పెట్టి పంపుట ఉన్నదే. కాలిన గాయమునకు, తలకు పనికివచ్చునని ఆమె ఉద్దేశము. ఆ పిలక బ్రతుకుటకు ఏమి చేయవలెనో, ఏమి చేయకూడదో ఈ వ్యాసములో తెలిసికొందము. ఇది పంచాయతీ కార్యాలయపు వరండాలో, బడి మెట్ల ప్రక్కన కుండీలు పెట్టు గ్రామాధికారులకు కూడ పనికివచ్చును.

గుమ్మమున ఒకటి, కుండీలో ఒకటి

ఈ పేటలలో ఏ వీధిలో నడచినను ఒక దృశ్యము కానవచ్చును. దిష్టి తగులకుండుటకై కలబంద మొక్కను వేరుతో సహా పెకలించి, త్రాటితో కట్టి, గుమ్మముపై తలక్రిందులుగా వ్రేలాడదీసియుందురు. దానికి మట్టి లేదు, నీరు లేదు. అయినను నెలల తరబడి దాని ఆకులు పచ్చగా ఉండును. ఒక్కొక్కప్పుడు మొవ్వు పైకి వంగి క్రొత్త ఆకును కూడ తొడుగును. అదే ఇంటి వసారాలో, నునుపైన రంగుల కుండీలో, రోజుకొక చెంబు నీరు పోయించుకొనుచున్న మొక్క మాత్రము నెల తిరుగక ముందే మొదట మెత్తబడి ఒరిగిపోవును.

ఆచారము సంగతి ఎవరి నమ్మకము వారిది. మొక్క సంగతి మాత్రము ఇందు స్పష్టముగా తెలియుచున్నది. వ్రేలాడు మొక్క తన ఆకులలో దాచుకొన్న నీటితో కాలము గడుపుచున్నది. అది పెరుగుట లేదు. దాచుకొన్నది తిని బ్రతుకుచున్నది. ఏదో ఒకనాడు ఆ నిలువ తీరి ఎండిపోవును. కాని నీరు లేక కలబంద చచ్చుటకు నెలలు పట్టును. నీరెక్కువై చచ్చుటకు వారములు చాలును. ఈ ఒక్క మాట మనస్సున పెట్టుకొన్నచో మిగిలిన పాఠమంతయు సులభము.

మొక్క స్వభావము

కలబంద పుట్టినిల్లు అరేబియా ద్వీపకల్పమని శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. రాతి నేలలు, అరుదైన వానలు గల దేశమది. అక్కడి నుండి వర్తకుల వెంట, వైద్యుల వెంట ఎన్నో శతాబ్దముల క్రిందటనే మన దేశమునకు చేరినది. ఆయుర్వేదమున దీనికి కుమారి యని పేరు. కుమార్యాసవము దీనితో చేయునదే. ఆకు నుండి కారు పసుపు పాలను ఎండబెట్టిన ముద్దయే పచారి కొట్లలో అమ్ము ముసాంబరము. 1768లో బర్మన్ అను డచ్చి వృక్షశాస్త్రజ్ఞుడు తన ఫ్లోరా ఇండికా గ్రంథములో దీనికి అలోవెరా అను శాస్త్రీయ నామమును స్థిరపరచినాడు.

ఎడారి మొక్క గనుక దీని నడవడి వరి వంటిది కాదు. సాధారణముగా మొక్కలు పగటివేళ ఆకులపై గల సన్నని రంధ్రములను తెరచి గాలి పీల్చును. ఆ రంధ్రముల గుండనే నీరు ఆవిరియై పోవును. కలబంద పగలు ఈ రంధ్రములను మూసికొని, రాత్రి చల్లబడిన తరువాత తెరచును. రాత్రి పీల్చిన బొగ్గుపులుసు గాలిని దాచుకొని, మరునాటి ఎండలో దానితో ఆహారము తయారు చేసికొనును. అనాస, నాగజెముడు మొక్కలు కూడ ఈ త్రోవనే నడచును. అందువలన కలబందకు ఖర్చగు నీరు మిక్కిలి తక్కువ. ఖర్చు తక్కువగు మొక్కకు రోజూ నీరు పోసినచో ఆ నీరు మట్టిలోనే నిలిచిపోవును.

నీరు నిలిచిన మట్టిలో గాలి ఉండదు. వేరుకు నీరెంత అవసరమో గాలియు అంత అవసరము. ఇది రైతులకు చెప్పవలసిన పని లేదు. మురుగు పోని మడిలో మిరప ఎట్లు వడలునో, పసుపు దుంప ఎట్లు కుళ్ళునో మీరు చూచియే యున్నారు. వాలు లేని మడిలో జరుగునదే రంధ్రము లేని కుండీలోను జరుగును.

సరియైన మొక్కను గుర్తించుట

కలబంద అనుకొని కిత్తనార పిలకను తెచ్చుకొనువారు కలరు. రైలు కట్టల ప్రక్కన, తోటల కంచెలలో పెరుగు కిత్తనార ఆకు చివర గట్టి ముల్లు ఉండును. ఆకును విరిచిన లోపల నార ఉండును. దాని రసము ఒంటికి తగిలిన దురద, మంట పుట్టును. కలబంద ఆకు దళసరిగా, మెత్తగా ఉండును. అంచుల చిన్న పండ్ల వంటి ముండ్లు ఉన్నను చివర సూది వంటి ముల్లు ఉండదు. కోసిన వెంటనే తొక్క క్రింద నుండి పసుపుపచ్చని చేదు పాలు కారును. లోపల గాజు వలె తేటగా గుజ్జు కానవచ్చును. లేత మొక్కల ఆకులపై తెల్లని మచ్చలు సహజము. అది తెగులు కాదు.

కుండీ

కలబంద వేళ్ళు లోతునకు పోవు. పైపైన ప్రక్కలకు ప్రాకును. కావున లోతైన కుండీ కంటె వెడల్పయిన కుండీ మేలు. ఒక మొక్కకు 8 నుండి 10 అంగుళముల వెడల్పు గల మట్టి కుండీ చాలును. మట్టి కుండీ గోడల గుండ తేమ ఆరును గనుక ప్లాస్టిక్ కుండీ కంటె శ్రేష్ఠము. పాత రంగు డబ్బాయైనను పనికివచ్చును. ఏదైనను అడుగున కనీసము మూడు నాలుగు రంధ్రములుండవలెను. రంధ్రము లేని పింగాణి కుండీ ఎంత అందముగా ఉన్నను దానిలో మొక్కను నాటరాదు.

కుండీ క్రింద పెట్టు పళ్ళెము విషయములో రెండు జాగ్రత్తలు. మొదటిది, పళ్ళెములో నిలిచిన నీటిని అరగంటలో పారబోయవలెను. లేనిచో అడుగు వేళ్ళు కుళ్ళును. రెండవది, డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ ఇట్టి కొద్దిపాటి నీటిలోనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమయై ఎగురుటకు వారము పది దినములు పట్టును. వారమునకు ఒకసారియైనను పళ్ళెమును కడిగి, రుద్ది, ఆరబెట్టినచో ఇంటికిని, పొరుగువారికిని మేలు చేసినవారగుదురు. మేడ పిట్టగోడ మీద కుండీని పెట్టరాదు. గాలివానకు అది వీధిలో పోవువారి తలపై పడును.

మట్టి మిశ్రమము

నర్సరీల నుండి కొని తెచ్చు మొక్కలు నల్ల సంచులలో వచ్చును. నగరములో అమ్ము మొక్కలలో చాల భాగము గోదావరి తీరమున కడియము నర్సరీల నుండి లారీలలో వచ్చునవే. సంచిలోని మట్టి ప్రయాణములో రాలిపోకుండుటకు బిగువుగా ఉండును. కొన్నిటిలో తేమను పట్టి ఉంచు కొబ్బరి పొట్టు కూడ కలిసియుండును. ఆ బిగువు మట్టితోనే మొక్కను కుండీలో దించినచో నడుమ ముద్ద ఎన్నటికిని ఆరదు. కావున సంచిని చింపి, వేళ్ళకు దెబ్బ తగులకుండ పాత మట్టిని చాల వరకు విదిలించవలెను.

క్రొత్త మిశ్రమము ఈ విధముగా తయారు చేసికొనవలెను:

ఎర్రమట్టి 2 పాళ్ళు,
ముతక ఇసుక 2 పాళ్ళు,
బాగుగా చివికిన పశువుల ఎరువు లేక వానపాముల ఎరువు 1 పాలు.

పట్టణములో ఏటి ఇసుక దొరకుట కష్టము. ఇండ్లు కట్టుచోట దొరకు రోబో ఇసుకను వాడదలచినచో దానిని జల్లించి, సన్నని పొడిని తీసివేసి, ఒకటి రెండుసార్లు కడిగి వాడవలెను. ఆ రాతి పొడి తడిసి ఆరినప్పుడు గచ్చు వలె గట్టిపడి నీటిని పోనీయదు. కుండీ రంధ్రముపై ఒక పెంకు ముక్కను బోర్లించి, పైన మిశ్రమమును నింపవలెను. అంచున ఒక అంగుళము ఖాళీ విడువవలెను. మొక్క మొదలును పాతిపెట్టరాదు. ఆకులు పుట్టు చోటు మట్టికి పైన ఉండవలెను. నాటిన తరువాత 5 నుండి 7 దినముల వరకు నీరు పోయరాదు. నాటిన వెంటనే నీరు పోయుట మన అలవాటు. ఇక్కడ ఆ అలవాటును మానుకొనవలెను. నాటునపుడు తెగిన వేళ్ళ గాయములు ఆరుటకు ఈ వ్యవధి అవసరము.

వెలుతురు

కలబందకు దినమునకు 4 నుండి 6 గంటల ఉదయపు ఎండ మిక్కిలి అనుకూలము. తూర్పు వసారా ఉన్నవారు అదృష్టవంతులు. ప్రక్క మేడ నీడ పడు ఇరుకు సందులలో, నడి గదులలో ఉంచిన మొక్క ఆకులు పాలిపోయి, పొడవుగా సాగి, నేలకు పరచుకొనును. అట్టి మొక్కకు కావలసినది ఎరువు కాదు, వెలుతురు. దానిని కిటికీ దగ్గరకు చేర్చవలెను.

అయితే నీడలో పెరిగినదానిని ఒక్కసారిగా డాబా మీద ఎర్రని ఎండలో పెట్టరాదు. ఆకులు కమిలి ఇటుక రంగునకు మారును. 10 దినముల పాటు కొంచెము కొంచెముగా ఎండను అలవాటు చేయవలెను. ఏప్రిల్, మే నెలలలో హైదరాబాదు ఎండ 40 డిగ్రీల వరకు పోవును. సిమెంటు డాబా వేడి దానికి తోడగును. ఆ రెండు నెలలు పడమటి వసారాలోని కుండీలను మధ్యాహ్నము నుండి సాయంత్రము వరకు నీడ పడునట్లు జరుపవలెను. ఎండకు కొంత ఎరుపెక్కిన మొక్క వానలతో తిరిగి పచ్చబడును, దిగులు పడనక్కరలేదు.

పడకగదిలో కలబందను ఉంచినచో గాలి యంతయు శుభ్రమగునని ఒక ప్రచారము కలదు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా మూసిన పెట్టెలలో కొన్ని మొక్కలను ఉంచి చేసిన పరిశోధన నుండి ఈ మాట వ్యాపించినది. మూసిన చిన్న పెట్టె వేరు, తలుపులు కిటికీలు గల గది వేరు. గదిలో గాలి బాగుపడవలెనన్నచో కిటికీ తెరచుటయే మార్గము. ఒక్క కుండీ ఆ పని చేయజాలదు.

నీరు

ఇంత దినమునకు ఒకసారి అని గుడ్డిగా లెక్క పెట్టుకొనుట కంటె మట్టిని అడుగుట మంచిది. అడుగుటకు మూడు మార్గములు కలవు.

మొదటిది: వ్రేలిని రెండు అంగుళముల లోతు మట్టిలో గ్రుచ్చి చూడవలెను. తడి తగిలినచో నీరు వద్దు.

రెండవది: కాలిపోయిన అగరుబత్తి పుల్లను కుండీ అడుగు వరకు దించి తీయవలెను. పుల్లకు మట్టి అంటుకొని వచ్చినచో నీరు వద్దు.

మూడవది: కుండీని రెండు చేతులతో కొంచెము ఎత్తి చూడవలెను. తడి కుండీ బరువు, ఎండిన కుండీ తేలిక నాలుగైదుసార్లలో చేతికి తెలిసిపోవును.

పూర్తిగా ఆరినదని తెలిసిన తరువాత అడుగు రంధ్రము నుండి నీరు కారునంత వరకు ఒకేసారి నిండుగా పోసి, మరల ఆరువరకు ఊరకుండవలెను. రోజుకొక గుక్కెడు పోయుట అన్నిటికంటె చెడ్డ పద్ధతి. ఆకుల నడుమ మొవ్వులో నీరు పడనీయరాదు. మట్టి పైననే పోయవలెను.

స్థూలముగా, హైదరాబాదు వాతావరణములో వసారా కుండీకి వేసవిలో 5 నుండి 7 దినములకు ఒకసారి, చలికాలములో 15 నుండి 20 దినములకు ఒకసారి నీరు చాలును. జూన్ నుండి సెప్టెంబరు వరకు వానకు తడియు కుండీకి మనము పోయవలసిన నీరు లేదు. ముసురు పట్టి వారము దినములు విడువనప్పుడు కుండీని చూరు క్రిందికి జరుపవలెను.

బోరు నీటిలో ఉప్పులు ఎక్కువ. ఆ నీటినే వాడుచోట కుండీ అంచున, మట్టిపైన తెల్లని పొర కట్టును. ఆకుల కొనలు ఎండును. వాన నీరు పట్టి పోయుట మంచిది. లేనిచో కుళాయి నీరు వాడవచ్చును. తెల్లని పొరను గీకివేసి, రెండు మూడు నెలలకు ఒకసారి మంచినీటిని ధారగా పోసి ఉప్పును అడుగు నుండి కడిగివేయవలెను.

నగరపు కుళాయిలలోనికి నేడు వచ్చు నీటిలో పెద్ద భాగము కృష్ణా, గోదావరులది. నాగార్జునసాగరు జలాశయము నుండి నూరు కిలోమీటర్లకు పైగా, ఎత్తున ఉన్న నగరమునకు, విద్యుత్తు ఖర్చు పెట్టి పంపులతో ఎక్కించిన నీరది. ఆ నీటిని రోజుకొక చెంబు చొప్పున వద్దన్న మొక్కకు పోసి, దానిని చంపుట రెండు విధముల నష్టము.

దాహమా, కుళ్ళా?

ఈ పాఠములో ముఖ్యమైన భాగమిది. నీరు చాలని కలబంద ఆకులు వాడును. నీరెక్కువైన కలబంద ఆకులును వాడును. ఏలనగా కుళ్ళిన వేరు నీటిని పైకి పంపజాలదు. చూచుటకు రెండును ఒకే తీరున ఉండును. వాడినదని చూచి మనము మరికొంత నీరు పోయుదుము. దాహము గొన్నదైనచో బ్రతుకును. కుళ్ళినదైనచో ఆ చెంబుతో దాని ప్రాణము పోవును. కావున నీరు పోయుటకు ముందు పరీక్ష చేయవలెను.

ఆకు మొదలును రెండు వ్రేళ్ళ నడుమ నొక్కి చూడుడు. ఆకు పలుచబడి, దోనె వలె లోపలికి ముడుచుకొని, మొదలు మాత్రము గట్టిగా ఉన్నచో అది దాహము. ఒక్కసారి నిండుగా నీరు పోసిన రెండు మూడు దినములలో తేరుకొనును.

మొదలు మెత్తగా, నీరుగారినట్లు, గోధుమ రంగుగా ఉండి, దుర్వాసన వచ్చుచు, మొక్కను కదిపిన పట్టు లేక ఊగుచున్నచో అది కుళ్ళు. దానికి నీరు విషము.

కుళ్ళిన మొక్కకు చికిత్స ఇది. కుండీని ప్రక్కకు వంచి మొక్కను మట్టితో సహా తీయవలెను. మట్టిని విదిలించి వేళ్ళను చూడవలెను. నల్లబడి, పీచుగా జారిపోవు వేళ్ళను శుభ్రమైన కత్తితో కోసివేయవలెను. మెత్తబడిన ఆకులను మొదటికంట తీసివేయవలెను. మొదలులో కూడ కుళ్ళు ఉన్నచో గట్టి కండ కనబడువరకు కోయవలెను. కోసిన చోట పసుపు అద్దువారు కలరు, అద్దవచ్చును. కాని అసలు మందు ఆరబెట్టుటయే. నీడలో, గాలి తగులుచోట 4, 5 దినములు మొక్కను ఊరక పడవేసి ఉంచవలెను. గుమ్మమున నెలల తరబడి వ్రేలాడు మొక్కను తలచుకొన్నచో ఈ 5 దినములకు భయపడనక్కరలేదు. గాయము ఎండి పొర కట్టిన తరువాత క్రొత్త పొడి మిశ్రమములో నాటి, వారము దినములు నీరు పోయక ఉంచవలెను. పాత మట్టిని తిరిగి వాడరాదు.

పిలకలు

ఆరోగ్యముగా ఉన్న తల్లి మొక్క చుట్టును పిలకలు లేచును. కలబందను వృద్ధి చేయుటకు ఇదియే సులభ మార్గము. ఆకును కోసి పాతినచో వేరు పట్టదు, కుళ్ళిపోవును. ఈ పొరపాటు పలువురు చేయుచున్నారు. పిలక 4, 5 అంగుళముల ఎత్తు పెరిగి, మూడు నాలుగు ఆకులు తొడిగి, సొంత వేళ్ళు పట్టిన తరువాత వేరు చేయవలెను. తల్లి వేరు నుండి కత్తితో కోసి, రెండు దినములు నీడలో ఆరబెట్టి, చిన్న కుండీలో నాటవలెను. వానలు తగ్గిన తరువాతి కాలము, అనగా సెప్టెంబరు, అక్టోబరు నెలలు, మరియు ఎండలు ముదురక ముందు ఫిబ్రవరి ఇందుకు అనువైనవి. కుండీ నిండ పిలకలు క్రిక్కిరిసినచో తల్లి మొక్క బక్కచిక్కును. రెండేండ్లకు ఒకసారి విడదీసి, ఇరుగుపొరుగులకు, బడికి, గ్రామ నర్సరీకి ఇచ్చుట మంచిది.

ఎరువు, పురుగులు

సంవత్సరమునకు రెండుసార్లు, జూన్‌లోను అక్టోబరులోను, గుప్పెడు వానపాముల ఎరువును పై మట్టిలో కలిపినచో చాలును. యూరియా వేయరాదు. వేసినచో ఆకులు త్వరగా ఉబ్బి, మెత్తబడి, కుళ్ళుకు లోనగును.

పిండినల్లి ఆకుల సందులలో తెల్లని దూది వలె చేరును. సబ్బు నీటిలో తడిపిన గుడ్డతో తుడిచి తీయవలెను. ఎక్కువగా ఉన్నచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగ సబ్బు కలిపి సాయంకాలము పిచికారి చేయవలెను. వారము తరువాత మరల చేయవలెను. ఎండవేళ పిచికారి చేసినచో ఆకు మాడును. ఇంటిలోపల పెరుగు మొక్కపై పొలములో వాడు పురుగుమందును ఏ సందర్భములోను చల్లరాదు.

ఆకును కోయుట, వాడుట

మొక్కకు 8 నుండి 10 ఆకులు రానిదే కోయరాదు. కోసినప్పుడు బయటి వరుసలోని ముదురు ఆకును మొదటికంట కోయవలెను. నడిమి ఆకులను ముట్టరాదు. కోసిన ఆకును, కోసిన వైపు క్రిందికి ఉండునట్లు ఒక గిన్నెలో పావుగంట నిలువబెట్టవలెను. పసుపు పాలు కారిపోవును. తరువాత కడిగి, తొక్క తీసి, తేట గుజ్జును మాత్రమే వాడవలెను. మొదటిసారి వాడువారు మోచేతి మడతలో కొంచెము రాసి ఒక దినము చూచి, దురద లేనిచో వాడవలెను.

వంటింటిలో చేయి చురుక్కుమని కాలినచో పరుగున కలబంద కోయుటకు పోరాదు. మొదట కుళాయి ధార క్రింద 20 నిమిషములు చేతిని ఉంచవలెను. బొబ్బ లేని చిన్న కాలుడు అయినచో తరువాత గుజ్జును రాయవచ్చును. బొబ్బలెక్కినను, చర్మము ఊడినను, ముఖము కాలినను, పసిబిడ్డకు కాలినను గుజ్జు రాయక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

త్రాగుట విషయములో మరింత హెచ్చరిక అవసరము. ఉదయపు నడకకు పోవు కొందరు ఆకును తొక్కతో సహా నూరి రసము త్రాగుచున్నారు. పసుపు పాలు తీవ్రమైన విరేచనకారి. అమెరికా ప్రభుత్వము 2002లో దీనితో చేసిన విరేచన మందులను చీటీ లేక అమ్ముటను ఆపివేసినది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రచురించిన గ్రంథములో కలబంద పూర్తి ఆకు సారమును క్యాన్సరు కలిగించు అవకాశము గల వస్తువులలో చేర్చినది. గర్భిణులు, బాలింతలు, పిల్లలు, మూత్రపిండముల జబ్బు గలవారు, మధుమేహమునకు మందు వాడువారు వైద్యుని అడుగక దీనిని లోపలికి పుచ్చుకొనరాదు. కుక్కలు, పిల్లులు ఆకును నమిలినచో వాంతులు, విరేచనములు పట్టును. వాటికి అందనిచోట కుండీని ఉంచవలెను.

పొలములో వేయదలచినవారికి ఒక మాట

కుండీలో సులువుగా పెరుగుచున్నది గదా, ఎకరములలో వేసినచో లాభములు వచ్చునని తలచువారు కలరు. పెరుగుట వేరు, అమ్ముడగుట వేరు. ఆకు బరువులో అత్యధిక భాగము నీరే. కోసిన తరువాత గంటలు గడచుకొలది గుజ్జు గుణము చెడును. కావున దగ్గరలో గుజ్జు తీయు కర్మాగారము లేనిచో పంటకు ధర లేదు. పిలకలు మా వద్ద కొనుడు, పంట మేమే కొందుమని వచ్చువారి మాటపై నాటరాదు. వారి కర్మాగారమును స్వయముగా చూడవలెను. ధర, తూకము, రవాణా ఖర్చు వ్రాతమూలకముగా ఉండవలెను. హైదరాబాదు శివారు బోడుప్పల్‌లో కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ వారి పరిశోధనా కేంద్రము కలదు. అక్కడను, మీ మండల ఉద్యానవన అధికారి వద్దను విచారించిన పిమ్మటనే పెట్టుబడి పెట్టవలెను.

గుర్తుంచుకొనవలసినవి

1. అడుగున రంధ్రము లేని కుండీలో నాటరాదు.
2. మట్టిలో ముతక ఇసుక సగమునకు దగ్గరగా ఉండవలెను.
3. పూర్తిగా ఆరినదని చూచిన తరువాతనే నీరు పోయవలెను. పోసినపుడు నిండుగా పోయవలెను.
4. ఆకు వాడినపుడు చెంబు ఎత్తక ముందు మొదలును నొక్కి చూడవలెను.
5. పళ్ళెములోని నీటిని నిలువనీయరాదు.
6. పసుపు పాలను కార్చివేయక ఆకును వాడరాదు. వైద్యుని అడుగక త్రాగరాదు.

ఈసారి అశోక్ నగర్‌లోని మీ అబ్బాయికో, అమ్మాయికో పిలకను పంపునపుడు దానితో పాటు ఒక చీటీ కూడ పంపుడు. అందులో ఎక్కువ వ్రాయనక్కరలేదు. "ఉదయపు ఎండ తగులు కిటికీలో పెట్టు. మట్టి ఎండితేనే నీళ్ళు పొయ్యి. పరీక్షల హడావుడిలో పది రోజులు మరచిపోయినా ఏమీ కాదు" అని వ్రాసిన చాలును. వచ్చు దసరా సెలవులకు ఆ మొక్క పిలక ఒకటి మీ ఇంటికి తిరిగి రాగలదు.